ఎముకలు ఎవరు మోశారు? భాస్వరం చరిత్రలో ఊరూ వాడా

ప్రపంచంలో భాస్వరం ఇంకెన్నేళ్ళు వస్తుంది? పర్యావరణం గురించి రాసేవాళ్ళ మధ్య పదిహేనేళ్ళకి పైగా నడుస్తున్న చర్చ ఇది. 2007 మొదట్లో టన్ను 50 డాలర్లలోపు ఉన్న రాక్ ఫాస్ఫేట్ ధర 2008 రెండో సగానికి 400 డాలర్లు దాటింది. ఆ మరుసటి ఏడాదే కొందరు శాస్త్రజ్ఞులు ఈ శతాబ్దంలోనే తవ్వకం శిఖరానికి చేరి తర్వాత పడిపోతుందని లెక్కగట్టారు. 2010లో మొరాకో నిల్వల అంచనాని సవరించారు. అంతకుముందు 570 కోట్ల టన్నులని రాసుకున్న చోట 5,000 కోట్ల టన్నులని రాశారు. భూమిలో రాయేమీ పెరగలేదు, కాగితం మీద లెక్క మారింది. అమెరికా భూగర్భ సర్వే సంస్థ ఇటీవలి అంచనా ప్రకారం ప్రపంచం మొత్తం నిల్వలు సుమారు 7,400 కోట్ల టన్నులు. ఏటా తవ్వేది 22 నుంచి 24 కోట్ల టన్నులు. భాగించి చూస్తే మూడొందల ఏళ్ళు.

ఈ లెక్కలతో మాకు పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, ఎంత ఉంది, ఎన్నాళ్ళు వస్తుంది అని అడిగేవాళ్ళు ఇంతకాలం ఎవరు తవ్వారు, ఎవరు మోశారు, ఎవరి నేల పోయింది అని అడగరు. భాస్వరం చరిత్రని ఈ రెండో వైపు నుంచి చూస్తే మన ఊళ్ళ గురించి ఇప్పటిదాకా చెప్పిన కథ కూడా తిరగరాయాల్సి వస్తుంది. అందుకే ఈ వ్యాసం.

విద్యార్థుల కోసం ముందు రెండు మాటలు. మొక్కకి ముఖ్యంగా కావలసినవి నత్రజని, భాస్వరం, పొటాష్. నత్రజని గాలిలో ఉంది. దాన్ని పట్టే పద్ధతి 1909లో హేబర్ కనిపెట్టాడు, 1913లో ఫ్యాక్టరీ మొదలైంది. మన యూరియా అలా వచ్చిందే. భాస్వరాన్ని గాలిలోంచి పట్టలేం. అది రాతిలో ఉంటుంది, ఎముకలో ఉంటుంది, పేడలో, మనిషి మలమూత్రాల్లో ఉంటుంది. 1669లో జర్మనీలో హెన్నిగ్ బ్రాండ్ అనేవాడు బంగారం కోసం మూత్రాన్ని మరగబెట్టి మరగబెట్టి దీన్ని కనిపెట్టాడు. దీనికి బదులుగా వాడదగింది మరోటి లేదు. అంటే మనిషి తిన్నదీ, పశువు తిన్నదీ తిరిగి పొలానికి చేరాలి. చేరకపోతే ఎక్కడో రాయి తవ్వి తేవాలి.

తిరిగి పొలానికి చేర్చడంలో మన పాతకాలపు ఊరు గొప్పదని ఒక వాదన ఉంది. 1992లో మాధవ్ గాడ్గిల్, రామచంద్ర గుహ తమ పుస్తకంలో కులవ్యవస్థని ప్రకృతి వనరుల వాడకం కోణంలోంచి చూశారు. ఒక్కో కులానికి ఒక్కో వనరు దక్కడం వల్ల పోటీ తగ్గి, వనరుల్ని పొదుపుగా వాడుకోగలిగారని వాళ్ళ ప్రతిపాదన. అది అసమానతతో కూడిన ఏర్పాటని వాళ్ళూ ఒప్పుకున్నారు. కానీ ఆ ఒప్పుకోలు అక్కడితో ఆగిపోయింది. వాళ్ళ తర్వాత రాసిన చాలామందికి ఆ మాత్రం ఒప్పుకోలు కూడా లేదు. ఊరంటే ఏదీ వృథా పోని చోటు, పేడ పొలానికి, తోలు చెప్పుకి, అంతా చక్రంలా తిరిగేది అని రాసుకుంటూ పోయారు. సరే, ఆ చక్రం నిజంగా తిరిగిందా? ఎముక దగ్గర పరీక్షించి చూద్దాం.

ముందు పేడ సంగతి. పెంటదిబ్బ రైతుది. దాన్ని తవ్వి, బండికెత్తి, తట్టల్లో మోసి, చేలో చల్లింది ఎక్కువగా పాలేర్లు, మాల మాదిగ ఆడవాళ్ళు. ఆ చేనుకి బలం వచ్చింది, గింజ గాదెలోకి పోయింది. చల్లినోళ్ళకి సెంటు భూమి లేదు. భూమి లేనోడికి గొడ్లు లేవు, గొడ్లు లేనోడికి దిబ్బ లేదు. ఎరువు మీద శ్రమ ఒకరిది, ఎరువు వల్ల వచ్చిన సారం ఒకరిది. ఇంతవరకు కొత్త విషయమేమీ కాదు, మన పత్రికల్లో పదేపదే రాసుకున్నదే.

చచ్చిన గొడ్డు దగ్గరికి వస్తే కథ మారుతుంది. గొడ్డు బతికున్నంత కాలం రైతుది. ప్రాణం పోగానే దాన్ని ముట్టుకుంటే మైల. మాదిగలు వచ్చి ఈడ్చుకెళ్ళాలి. తోలు తీసి, ఊనబెట్టి, ఆ తోలుతోనే రైతుకి చెప్పులు, బావిలో నీళ్ళు తోడే మోటకి తొండం, కాడికి వార్లు చేసివ్వాలి. మాంసం తిని బతకాలి. మరి ఎముకలు? పశువు ఒంట్లో ఉన్న భాస్వరంలో ఐదింట నాలుగు వంతులకి పైగా ఎముకల్లోనే ఉంటుంది. ఆ భాస్వరం ఎక్కడిది? ఊరి చేలల్లోంచి గడ్డిలోకి, చొప్పలోకి, అక్కడి నుంచి గొడ్డులోకి వచ్చిందే. పొడిచేసి చేలో వేస్తే ఊరి సారం ఊరికే చేరేది. రైతు వెయ్యలేదు. ఎముక అంటరానిది. ఊరి బయట బయల్లో కుక్కలకీ రాబందులకీ వదిలేశాడు.

ఇది మా ఊహ కాదు. 1889 చివర్లో బ్రిటిష్ ప్రభుత్వం పిలిస్తే వచ్చిన వ్యవసాయ రసాయనవేత్త జాన్ అగస్టస్ వోల్కర్ ఇండియా అంతా తిరిగి 1893లో నివేదిక అచ్చువేశాడు. ఎముకలు వాడటానికీ, మలాన్ని ఎరువుగా వాడటానికీ కులాచారం అడ్డొస్తున్న సంగతి అందులో ఉంది. దేశంలోంచి ఎముకలు ఓడలెక్కి పోతున్నాయనీ, అది నేలకి నష్టమనీ కూడా ఉంది. 1928 నాటి రాయల్ వ్యవసాయ కమిషన్ కూడా ఎముకల ఎగుమతి మీద చర్చించింది.

ఓడలెక్కి ఎక్కడికి పోయాయి? ముఖ్యంగా ఇంగ్లండుకి. అక్కడి భూస్వాములు 19వ శతాబ్దం మొదటి నుంచే ఎముకల కోసం వెంపర్లాడుతున్నారు. నెపోలియన్ యుద్ధాలు జరిగిన మైదానాల్లోంచి మనుషుల ఎముకలు, గుర్రాల ఎముకలు తవ్వి హల్ రేవుకి తెచ్చి పొడి కొట్టిస్తున్నారని 1822లోనే అక్కడి పత్రికలు రాశాయి. 1840లో జర్మన్ శాస్త్రజ్ఞుడు లీబిగ్, నేలలోంచి తీసిన ఖనిజాలు తిరిగి నేలకి చేరకపోతే నేల చస్తుందని పుస్తకం రాశాడు. 1842లో లాస్ అనే ఇంగ్లీషు భూస్వామి ఎముకల్ని గంధకామ్లంతో కలిపి సూపర్ ఫాస్ఫేట్ చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఇంగ్లండు ఇతర దేశాల సారాన్ని పీల్చేస్తోందని, యూరపు యుద్ధభూముల్ని, సిసిలీ శవాల గుహల్ని కూడా వదల్లేదని తర్వాత లీబిగ్ దుమ్మెత్తిపోశాడు. ఆయన కోపం న్యాయమైనదే. అయితే ఆయన చూసింది యూరపు ఎముకల్ని. కలకత్తా, బొంబాయి రేవుల్లోంచి పోయిన ఎముకల వెనకున్న చేతులు ఆయన లెక్కలోకి రాలేదు.

రైలు వచ్చాక ఎముకల బేరగాడు వచ్చాడు. ఊరి బయట పడున్న ఎముకల్ని ఏరి, గంపకి ఇంతని అమ్ముకున్నది వాడల్లోని బీదాబిక్కీ. ఎముకలేరి అమ్మిన జ్ఞాపకం చాలా వాడల్లో ముసలోళ్ళకి ఇంకా ఉంది. ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. నేల సారం దేశం దాటిపోవడానికి వలస ప్రభుత్వాన్ని తిట్టడం జాతీయవాద చరిత్రకారులకి అలవాటు. తిట్టాల్సిందే. కానీ ఓడ రావడానికి ముందే ఎముక పొలానికి పోకుండా ఆపింది ఎవరు? అంటు. ఊరి చక్రానికి చిల్లు పెట్టింది కులం. ఇంగ్లీషువాడు ఆ చిల్లు కింద గిన్నె పెట్టి పట్టుకుపోయాడు. కులం వనరుల్ని పొదుపు చేసిందనే సిద్ధాంతానికి ఎముక దగ్గర జవాబు లేదు.

యూరపుకి ఎముకలు చాల్లేదు. పెరూ తీరంలో చించా దీవులున్నాయి. అక్కడ వానల్లేవు. సముద్రపక్షుల రెట్ట కరిగిపోకుండా గుట్టలు గుట్టలుగా పేరుకుంది. దాన్నే గువానో అంటారు. ఇంకాల కాలంలో గుడ్లు పెట్టే రుతువులో ఆ పక్షుల్ని చంపితే మరణశిక్ష వేసేవారని 1609లో గార్సిలాసో డి లా వేగా రాశాడు. వాళ్ళు పక్షిని కాపాడుతూ రెట్టని వాడుకున్నారు. 1840లో యూరపుకి ఎగుమతి మొదలయ్యాక నలభై ఏళ్ళలో సుమారు కోటీ ఇరవై లక్షల టన్నులు తవ్వి పంపేశారు. పక్షి వెయ్యేళ్ళు కూడబెట్టింది ఒక తరంలో అయిపోయింది. 1876లో పెరూ ప్రభుత్వం అప్పులు కట్టలేక చేతులెత్తేసింది.

తవ్వింది ఎవరు? 1849 నుంచి 1874 దాకా పెరూకి తెచ్చిన చైనా కూలీలు తొంభై వేలకి పైనే. తోటలకి కొందరు, రైలుమార్గాలకి కొందరు, దీవులకి కొందరు. రోజుకి ఇన్ని టన్నులని కోటా, ముక్కు కళ్ళు మండించే దుమ్ము, కొరడా. భరించలేక కొండ అంచు నుంచి సముద్రంలోకి దూకి చచ్చినోళ్ళున్నారు. 1854లో పెరూ నల్లజాతి బానిసల్ని విడుదల చేసింది. నష్టపరిహారం ఇచ్చారు, బానిసలకి కాదు, యజమానులకి. ఆ డబ్బు గువానో అమ్మగా వచ్చింది. ఒక బానిసని విడిపించడానికి ఇంకో బానిస చేత తవ్వించారన్నమాట.

అమెరికా 1856లో ఒక చట్టం చేసింది. మనుషుల్లేని, వేరే దేశం పాలనలో లేని దీవిలో గువానో కనిపెట్టిన అమెరికా పౌరుడు దాన్ని తమ దేశం పేర హక్కుచేసుకోవచ్చు. హైతీ దగ్గరి నవాసా దీవి అలా పోయిందే. హైతీ అది తనదని మొదటి నుంచీ అంటూనే ఉంది. బాల్టిమోర్ నుంచి నల్లవాళ్ళని మంచి కూలి ఆశపెట్టి తీసుకెళ్ళి, అక్కడ దింపాక కంపెనీ కొట్లో అప్పులకి కట్టేసి తవ్వించారు. 1889లో వాళ్ళు తిరగబడ్డారు. ఐదుగురు తెల్ల ఉద్యోగులు చచ్చిపోయారు. ముగ్గురికి ఉరిశిక్ష పడింది. 1890లో సుప్రీంకోర్టు ఆ చట్టమూ చెల్లుతుంది, శిక్షా చెల్లుతుంది అన్నది. నల్లజాతి సంఘాలు పట్టుబట్టి విజ్ఞాపనలు పంపాయి. దీవిలో బతుకు ఎలా ఉందో బయటపడ్డాక 1891లో అధ్యక్షుడు హారిసన్ ఉరిని జైలుశిక్షగా మార్చాడు. మన పాఠ్యపుస్తకాల్లో హరిత విప్లవం పాఠం ఉంటుంది, ఎరువుల పాఠం ఉంటుంది. నవాసా పేరు ఎక్కడా ఉండదు.

గువానో అయిపోయాక రాయి. పసిఫిక్ సముద్రంలో బనాబా అనే దీవి, సుమారు ఆరు చదరపు కిలోమీటర్లు. 1900లో ఆల్బర్ట్ ఎల్లిస్ అనే కంపెనీ మనిషి దిగి, దీవి మొత్తానికీ రాజని చెప్పి ఒకరి చేత సంతకం పెట్టించుకున్నాడు. నిజానికి అలాంటి రాజెవరూ అక్కడ లేడు. 999 ఏళ్ళకి తవ్వకం హక్కు, ఏడాదికి 50 పౌండ్లు. 1928లో బనాబా జనం ఇంక భూమి ఇవ్వమని మొండికేస్తే వలస ప్రభుత్వాధికారి బెదిరిస్తూ ఉత్తరం రాశాడు, తర్వాత భూమి గుంజుకున్నారు. 1945 డిసెంబరులో జనాన్నే ఎత్తి ఫిజీ దేశంలోని రాబీ దీవిలో పడేశారు. 1979 దాకా తవ్వుకున్నారు. ఆ రాయి ఆస్ట్రేలియా, న్యూజిలాండు గడ్డిభూముల్ని పచ్చగా చేసింది. పక్కనున్న నౌరూ కథా ఇంతే. 21 చదరపు కిలోమీటర్ల దేశంలో ఐదింట నాలుగు వంతులు తవ్వి సున్నపురాయి కోరల్లా మిగిల్చారు. 1989లో నౌరూ అంతర్జాతీయ న్యాయస్థానానికి ఎక్కింది. 1993లో ఆస్ట్రేలియా 10.7 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లిచ్చి రాజీ చేసుకుంది. ఇక పశ్చిమ సహారా. 1975లో స్పెయిన్ పోతూపోతూ వదిలిన ఆ నేలలోకి మొరాకో వచ్చింది. బూ క్రా గని నుంచి సముద్రం దాకా వంద కిలోమీటర్ల బెల్టు మీద ఫాస్ఫేట్ నడుస్తుంది. సహ్రావీ జనంలో పెద్ద భాగం అల్జీరియా ఎడారిలో శరణార్థి శిబిరాల్లో ఉంది.

ఇదంతా మనకెందుకు అంటారా? మన చేలో పడే డీఏపీ బస్తాలో ఈ చరిత్రంతా ఉంది. 1906లో మద్రాసు రాష్ట్రంలోని రాణిపేటలో సూపర్ ఫాస్ఫేట్ ఫ్యాక్టరీ వచ్చింది, 1967లో విశాఖపట్నంలో కోరమాండల్ ఫ్యాక్టరీ ఉత్పత్తి మొదలెట్టింది. రాజస్థాన్‌లో ఝామర్‌కోట్రా గని ఉన్నా దేశానికి కావలసిన రాయిలో అత్యధిక భాగం బయటి నుంచే వస్తుంది. 1992లో భాస్వరం, పొటాష్ ఎరువుల మీద ధరల అదుపు తీసేస్తే దెబ్బ రైతుకి తగిలింది. 2021లో అంతర్జాతీయ ధర పెరిగి, బస్తా 1,200 రూపాయలకే ఇవ్వడానికి కేంద్రం సబ్సిడీని 500 నుంచి 1,200కి పెంచాల్సొచ్చింది. ఎముకని ఊరి బయట పారేసిన దేశం రాయికి డాలర్లు కడుతోంది.

మలం సంగతి తీసుకుందాం. జపాన్‌లో ఎడో నగరం మలాన్ని చుట్టుపక్కల రైతులు కూరగాయలిచ్చి, బియ్యమిచ్చి, డబ్బిచ్చి కొనుక్కునేవాళ్ళు. అద్దె ఇళ్ళల్లో మలం మీద హక్కు ఇంటి యజమానిది. ధర మీద తగాదాలు పడేవి. రైతే వచ్చి ఎత్తుకెళ్ళేవాడు. అలాగని జపాన్‌ని పొగిడి వదిలేస్తే తప్పు. అక్కడా చచ్చిన గొడ్డు తోలు తీసేవాళ్ళని అంటరానివాళ్ళని చేశారు, వాళ్ళ వారసులైన బురాకు ప్రజలు 20వ శతాబ్దంలో పెద్ద ఉద్యమమే నడిపారు. మా పాయింటు ఒక్కటే. అక్కడ మలానికి ధర ఉంది, ఇక్కడ మలానికి కులం ఉంది. ధర ఉన్నది పొలానికి పోయింది. కులం ఉన్నది చాలావరకు మురిక్కాలవల్లోకి, ఏట్లోకి పోయింది. దాన్ని ఎత్తిన మనిషి నెత్తిమీద మాత్రం తరాలపాటు ఉండిపోయింది.

ఇప్పుడు అసలు చిక్కు. పర్యావరణవాదులు, పట్టణ ప్రణాళికలు వేసేవాళ్ళు మళ్ళీ చక్రం గురించి మాట్లాడుతున్నారు. భాస్వరం దొరకదు కాబట్టి పేడ, ఎముక, మలం తిరిగి నేలకి చేరాలి అంటున్నారు. శాస్త్రం ప్రకారం అది నిజమే. కానీ ఆ మాట మన చెవిన పడగానే ఒళ్ళు జలదరిస్తుంది. ఎందుకంటే మావాళ్ళు ఆ పని మానెయ్యడానికే వందేళ్ళు పోరాడారు. 1927 మహాడ్ సభలోనే చచ్చిన గొడ్డు మాంసం మానమని అంబేడ్కర్ పిలుపిచ్చారు. గొడ్లు మొయ్యడం మానితే తోలుకి ఇంత, కొమ్ములకి ఇంత, ఎముకలకి ఇంత నష్టమని పైకులాల పత్రిక లెక్కలేసి చెప్పిన సంగతి ఆయనే 1956 అక్టోబరు 15న నాగపూర్‌లో గుర్తుచేశారు. అంత లాభముంటే మీరే మొయ్యండి అనేది ఆయన జవాబు. ఎవరూ ముందుకి రాలేదు. వనరు విలువైందని ఒప్పుకుంటారు, చెయ్యి మాత్రం ఇంకోడిది కావాలి.

2016 జులైలో గుజరాత్‌లోని ఉనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత యువకుల్ని కారుకి కట్టి కొట్టారు. జవాబుగా దళితులు గొడ్లు ఎత్తడం ఆపేశారు. సురేంద్రనగర్ కలెక్టరాఫీసు ముందర కళేబరాలు తెచ్చి పడేశారు. కొన్ని వారాలకే ఊళ్ళు కంపెక్కాయి. అదే ఏడాది ఆగస్టులో మన అమలాపురంలో, కరెంటు షాకుకి చచ్చిన ఆవు తోలు తీస్తున్న ఇద్దరు అన్నదమ్ముల్ని చెట్టుకి కట్టేసి కొట్టారు. చేస్తే కొడతారు, మానితే కొడతారు. కళేబరం ఎవరు ఎత్తాలి అనే ప్రశ్నకి ఏ గ్రామ పంచాయితీ ప్రణాళికా తిన్నగా జవాబు చెప్పడం మేము చూడలేదు.

జర్మనీ 2017లో నిబంధన తెచ్చింది. పెద్ద మురుగునీటి కేంద్రాలు 2029 నుంచి తమ బురదలోంచి భాస్వరాన్ని తిరిగి తియ్యాలి. యంత్రాలు, కొలిమిలు, ఇంజనీర్లు చేసే పని అది. ఆ పని చేసినోడి కొడుక్కి పిల్లనివ్వం అని అక్కడ ఎవరూ అనరు. మన దగ్గర వరంగల్‌తో సహా చాలా పట్టణాల్లో సెప్టిక్ ట్యాంకుల బురదని శుద్ధి చేసే కేంద్రాలు వచ్చాయి. మంచిదే. కానీ బురద కేంద్రం దాకా రావాలంటే ముందు ట్యాంకులోంచి బయటికి రావాలి. పాకీపని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులో 2014లో సుప్రీంకోర్టు, మురుగులో చచ్చిపోయినోళ్ళ కుటుంబానికి 10 లక్షలివ్వాలన్నది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. అంటే ఇంకా చచ్చిపోతున్నారనే కదా. 2024లో కేంద్రం నమస్తే పథకం కింద వివరాలు సేకరించిన సుమారు 38,000 మంది మురుగు, సెప్టిక్ ట్యాంకు కార్మికుల్లో 92 శాతం దాకా ఎస్సీ, ఎస్టీ, బీసీలే. ఎస్సీలే 69 శాతం దాకా.

కాబట్టి భాస్వరం చక్రం మీద ఏ సభ జరిగినా అక్కడ మనం పెట్టాల్సిన షరతులున్నాయి. ట్యాంకులోకి మనిషి దిగకూడదు, యంత్రమే దిగాలి. ఎరువు తయారుచేసే కేంద్రం పనివాళ్ళ సహకార సంఘం చేతిలో ఉండాలి, కాంట్రాక్టరు చేతిలో కాదు. ఆ ఎరువు ఎవరి పొలానికి పోతుందో అడగాలి. పొలం లేనోళ్ళకి పొలం అడగాలి. పెంట మోసినోళ్ళకి ఇన్ని తరాలూ దక్కనిది అదే.

పరిశోధక విద్యార్థులకి ఒక పని. వలస ప్రభుత్వ వాణిజ్య లెక్కల్లో ఎరువుల పద్దు కింద ఎముకలు కనిపిస్తాయి, ఎన్ని టన్నులో, ఎన్ని రూపాయలో. ఏ ఊరి నుంచి, ఎవరి గంపలో వచ్చాయో అక్కడ ఉండదు. మీ జిల్లాలో ఎముకలు కొన్న కొట్టు ఏ రైల్వే స్టేషను పక్కన ఉండేది, గంపకి ఎంతిచ్చేవాడు, తూకంలో ఎంత కొట్టేసేవాడు అనేది వాడలో డెబ్భై ఎనభై ఏళ్ళ వాళ్ళని కూర్చోబెట్టి అడగాలి. ముందు ముసలమ్మల్ని అడగండి. ఏరింది ఎక్కువగా ఆడవాళ్ళు, పిల్లలు.